పాడైన సర్వర్‌ను వేరే మెషీన్ మీదికి రీస్టోర్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు చిన్న ఆఫీసుల్లో, మందుల హోల్‌సేల్ షాపుల్లో, స్కూళ్లలో సర్వర్లు చూసుకోవడం నా పని. ఇక్కడ సర్వర్ అంటే ఏసీ గదిలో ఉండే బీరువా కాదు. క్యాష్ కౌంటర్ కింద, ఇన్వర్టర్ పక్కన పెట్టిన ఒక టవర్. అది ఆగిన రోజు వ్యాపారం మొత్తం ఆగిపోతుంది. "బ్యాకప్ ఉంది కదండీ" అని ధైర్యంగానే ఫోన్ చేస్తారు. ఆరేళ్ల కిందట కొన్న మోడల్ ఇప్పుడు విశాఖలోనూ దొరకదు, బరంపురంలోనూ దొరకదు అని తెలిశాకే టెన్షన్ మొదలవుతుంది. అలాంటి ఫోన్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

బ్యాకప్ ఉంటే ఏ కంప్యూటర్ మీదికైనా ఎక్కించేయొచ్చు కదా?

ఫైళ్ల వరకు అయితే ఎక్కించేయొచ్చు. సిస్టమ్ మొత్తాన్ని అంత తేలిగ్గా ఎక్కించలేం. విండోస్ గానీ లినక్స్ గానీ ఒక మెషీన్ మీద కొన్నేళ్లు నడిచిందంటే ఆ మెషీన్‌కు అలవాటు పడిపోయి ఉంటుంది. డిస్క్‌ను ఏ కంట్రోలర్ (డిస్కును బోర్డుతో కలిపే చిప్) ద్వారా చదవాలి, బూట్ అంటే ఆన్ చేయగానే సిస్టమ్ లేవడం పాత బయాస్ పద్ధతిలోనా కొత్త యూఈఎఫ్ఐ పద్ధతిలోనా, నెట్‌వర్క్ కార్డు ఏది, లైసెన్స్ ఏ మదర్‌బోర్డుకు కట్టి ఉంది అన్నవి దాని లోపలే రాసి ఉంటాయి. మెషీన్ మారితే ఈ నాలుగూ మారతాయి. నేను చూసిన ఇబ్బందులన్నీ దాదాపుగా ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని దగ్గర వచ్చినవే.

మాకు కావాల్సింది డేటా ఒక్కటే. సిస్టమ్ మొత్తం రీస్టోర్ చేయడం ఎందుకు?

నిజంగా డేటా ఒక్కటే చాలితే చేయకండి. ఫైల్ షేరింగ్, ట్యాలీ లాంటివి మాత్రమే ఉన్న సర్వర్ అయితే కొత్త మెషీన్‌లో విండోస్ శుభ్రంగా వేసి, యూజర్లను పెట్టి, డేటా ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి తెచ్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒక పూట పని, పాత చెత్త కూడా వెంట రాదు.

సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్, ప్రోగ్రాములు, డేటా అన్నీ కలిపి తీసిన కాపీ, అవసరమయ్యేది వేరే సందర్భాల్లో. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు, ఇన్‌స్టాల్ చేసే సీడీ లేదు, లోపల డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. మన వైపు ఇలాంటి షాపులు చాలానే ఉన్నాయి. అక్కడ ఉన్నది ఉన్నట్టుగా లేపడం తప్ప దారి లేదు.

డేటాబేస్ విషయంలో ఒక మాట. ఎస్‌క్యూఎల్ సర్వర్ నడుస్తుండగా దాని ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు. డేటాబేస్‌లోంచే బ్యాకప్ ఫైల్ తీయించాలి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లోకి ఎక్కదు, అది కూడా చూసుకోండి.

పాత హార్డ్‌డిస్కులు బాగానే ఉన్నాయి. తీసి కొత్త మెషీన్‌లో పెడితే సరిపోదా?

ఒకే డిస్క్ ఉంటే కనీసం ఫైళ్లు కనిపిస్తాయి. రెయిడ్ కార్డు (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపే కార్డు) మీద నడిచిన డిస్కులైతే జాగ్రత్త. ఆ కార్డు డిస్కుల మీద తన లెక్క తను రాసుకుంటుంది. అదే కుటుంబానికి చెందిన కార్డుకు తగిలిస్తే "ఫారిన్ కాన్ఫిగరేషన్" అని చూపించి, ఇంపోర్ట్ చేయమంటారా అని అడుగుతుంది. వేరే కంపెనీ కార్డుకు తగిలిస్తే ఖాళీ డిస్కుల్లా కనిపించవచ్చు. అప్పుడు "ఇనిషియలైజ్ చేయనా" అని అడిగితే తొందరపడి అవును అనకండి. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌తో ఈ బాధ లేదు. డిస్కులను ఏ లినక్స్ మెషీన్‌లో పెట్టినా ఎండీఆడ్మ్ అనే టూల్ వాటిని గుర్తుపట్టి కలుపుకుంటుంది.

బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) పెట్టి ఉంటే కొత్త మెషీన్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఆ డిస్క్ తెరుచుకోదు.

రీస్టోర్ 100 శాతం అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే నీలం తెర వచ్చింది. బ్యాకప్ పాడైందా?

పాడవలేదు. నన్ను అందరికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. అందుకే ఒక సంఘటన మొత్తం చెప్తాను.

గుణుపురంలో ఒక మందుల హోల్‌సేల్ షాపు. జూలైలో ఒక రాత్రి ఉరుములతో వాన పడింది, కరెంటు పోయి వచ్చింది, సర్వర్ మదర్‌బోర్డు కాలిపోయింది. ప్రతి రాత్రీ తీసే బ్యాకప్ యూఎస్‌బీ డిస్కులో భద్రంగా ఉంది. విశాఖ నుంచి కొత్త మెషీన్ తెప్పించాం. రికవరీ పెన్‌డ్రైవ్‌తో లేపితే అందులో డిస్కే కనిపించలేదు. కంట్రోలర్ డ్రైవర్ లోడ్ చేశాక కనిపించింది. రాత్రి 9 గంటలకు రీస్టోర్ పెట్టాం, ఒంటిగంటకు పూర్తయింది. రీస్టార్ట్ చేస్తే నీలం తెర, కింద చిన్న అక్షరాల్లో "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్". పొద్దున్న ఎనిమిదింటికల్లా పల్లెల నుంచి మందుల షాపుల వాళ్లు సంచులతో వచ్చి కూర్చున్నారు. లెక్కలు రాసే అమ్మ నా దగ్గరకొచ్చి, "ఏటి బాబూ, బిల్లులు చేత్తో రాసేయమంటారేటి?" అని అడిగింది. రాసేయండమ్మా అన్నాను. వెంటనే ఒక పాత బిల్లు పుస్తకం తీసి, కార్బన్ కాయితం పెట్టి మొదలుపెట్టేసింది.

కారణం చిన్నదే. నేను డ్రైవర్‌ను రికవరీ తెరలో లోడ్ చేశాను. అది ఆ కాసేపు డిస్క్ చూడ్డానికి పనికొచ్చింది. డిస్క్ మీదికి దిగిన పాత విండోస్‌కు మాత్రం ఆ డ్రైవర్ గురించి ఏమీ తెలియదు. బూట్ మొదలైన రెండు క్షణాల్లో తన డిస్కును తనే చదవలేక ఆగిపోయింది. కొన్ని బ్యాకప్ టూల్స్ ఆ డ్రైవర్‌ను లోపలికి తామే ఎక్కిస్తాయి, కొన్ని ఎక్కించవు. ఎక్కిందో లేదో మనమే చూసుకోవాలి.

చేయాల్సింది ఇది. మళ్లీ రికవరీ తెరలోకి వెళ్లి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. డ్రైవర్ లోడ్ చేసి, విండోస్ ఉన్న డిస్క్ ఏ అక్షరంతో కనిపిస్తోందో చూడండి. అక్కడ సీ డ్రైవ్ తరచుగా డీ అనో ఈ అనో కనిపిస్తుంది, కాబట్టి లోపల విండోస్ ఫోల్డర్ ఉందో లేదో చూసి ఖాయం చేసుకోవాలి. తర్వాత డిస్మ్ కమాండ్‌తో ఆ డిస్కునే ఇమేజ్‌గా చూపించి, యాడ్ డ్రైవర్ అన్న ఆప్షన్‌తో డ్రైవర్ ఫోల్డర్‌ను ఎక్కించండి. రికర్స్ అని చేరిస్తే లోపలి ఫోల్డర్లన్నీ వెతుక్కుంటుంది. డ్రైవర్ ఐఎన్ఎఫ్ ఫైల్ రూపంలో విప్పి ఉండాలి, సెటప్ ఫైల్ పనికిరాదు. గుణుపురంలో ఈ పనికి పట్టింది పది నిమిషాలే. ఆ పది నిమిషాల పని నాకు తట్టేసరికి మధ్యాహ్నం అయింది, అప్పటికి ఆమె నలభై బిల్లులు రాసింది.

ఇంటెల్ 11వ తరం తర్వాతి బోర్డులు చాలావాటిలో వీఎండీ అనే సెట్టింగ్ ఆన్ చేసి వస్తుంది. రెయిడ్ వాడనప్పుడు బయాస్‌లో దాన్ని ఆఫ్ చేస్తే డిస్క్ మామూలు పద్ధతిలో కనిపిస్తుంది, ప్రత్యేక డ్రైవర్ అవసరం లేకుండా పోవచ్చు. ముందుగా దీన్నే చూడండి. విండోస్‌లో ఉండే మామూలు డ్రైవరే సరిపోయే చోట ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపినా పని అయిపోతుంది.

కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నది. డేటా తక్కువే ఉంది కదా, పట్టదా?

విండోస్‌తోనే వచ్చే విండోస్ సర్వర్ బ్యాకప్ అనే టూల్ ఒప్పుకోదు. పాత డిస్క్ ఎంత ఉందో అంత, లేదా అంతకంటే పెద్దది కావాలి, లోపల డేటా ఎంత తక్కువున్నా సరే. క్లోన్‌జిల్లా అనే ఉచిత టూల్ కూడా మామూలుగా అంతే. 1 టీబీ హార్డ్‌డిస్క్ స్థానంలో 480 జీబీ ఎస్ఎస్‌డీ తెచ్చి కూర్చుంటే ఆ రోజు వృథా. కొనేముందు పాత డిస్క్ సైజు అడిగి తెలుసుకోండి.

పాత సర్వర్ బయాస్ పద్ధతిలో బూట్ అయ్యేది. కొత్తదాంట్లో ఆ ఆప్షనే లేదు. ఏం చేయాలి?

కొత్త మెషీన్లు చాలావాటిలో యూఈఎఫ్ఐ ఒక్కటే ఉంటుంది. బయాస్ నుంచి తీసిన ఇమేజ్‌ను నేరుగా రీస్టోర్ చేయబోతే విండోస్ ముందే కాదంటుంది. రెండు దారులున్నాయి.

మొదటిది, డిస్కును జీపీటీగా (యూఈఎఫ్ఐకి కావాల్సిన డిస్క్ విభజన పద్ధతి) మార్చి, చిన్న ఫ్యాట్32 బూట్ పార్టిషన్ ఒకటి చేసి, మిగిలిన చోటికి విండోస్ ఉన్న వాల్యూమ్ (డిస్కులో ఆ భాగం) మాత్రమే తెచ్చి, చివర బీసీడీబూట్ కమాండ్‌తో యూఈఎఫ్ఐ బూట్ ఫైళ్లు రాయించడం. ఇది 64 బిట్ విండోస్‌తోనే చేయండి. ఓపిక కావాలి గానీ పని అవుతుంది. రెండోది, దాన్ని వర్చువల్ మెషీన్‌గా, అంటే కొత్త మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో మెషీన్‌గా లేపడం. పాత సర్వర్లకు నేను రెండోదే చెప్తాను, వివరం కింద ఉంది.

బయాస్ కాలం నాటి ఎంబీఆర్ అనే పద్ధతిలో విభజించిన డిస్కులో 2 టీబీ దాటి వాడుకోలేం. పెద్ద డిస్క్ కొన్నవాళ్లు మిగతాది ఎక్కడికి పోయిందని అడిగితే కారణం ఇదే.

బ్యాకప్ డిస్క్ తగిలించాను. రికవరీ తెర బ్యాకప్ దొరకలేదంటోంది.

ఎక్కువసార్లు కారణం ఫోల్డరే. విండోస్ ఇమేజ్ బ్యాకప్ అనే ఫోల్డర్ డిస్క్ మొదట్లోనే ఉండాలి, పేరు మారకూడదు. ఎవరో సర్దుదామని దాన్ని "పాత బ్యాకప్" అనే ఫోల్డర్‌లోకి జరిపేసి ఉంటారు. వెనక్కి తెచ్చి పెట్టండి.

మొత్తం రీస్టోర్ కుదరకపోయినా ఆశ వదులుకోవద్దు. విండోస్ సర్వర్ 2012 నుంచి ఆ ఫోల్డర్ లోపల ఒక్కో వాల్యూమ్‌కూ ఒక వీహెచ్‌డీఎక్స్ ఫైల్ (వర్చువల్ డిస్క్) ఉంటుంది. దాన్ని ఇంకో విండోస్ కంప్యూటర్‌లో మౌంట్ చేస్తే మామూలు డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. రాయగడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఖాతాలన్నీ ఇలాగే ల్యాప్‌టాప్‌లో తెరిచి అరగంటలో బయటికి తీశాం. సర్వర్ లేవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది గానీ ఆ లోపు జీతాలు ఆగలేదు. మూల కాపీని ముట్టుకోకుండా, ఇంకో కాపీ చేసుకుని దాన్ని తెరవండి.

సర్వర్ లేచింది, కౌంటర్లలో కంప్యూటర్లకు మాత్రం కనిపించడం లేదు.

నెట్‌వర్క్ కార్డు మారింది. పాత కార్డుకు ఇచ్చిన ఐపీ అడ్రస్ ఆ పాత కార్డు పేరు మీదే ఉండిపోయింది, కొత్త కార్డు రౌటర్ ఇచ్చిన ఏదో అడ్రస్ తీసుకుంది. పాత అడ్రస్ మళ్లీ ఇవ్వబోతే, ఇది ఇప్పటికే దాచి ఉన్న ఇంకో కార్డుకు ఉంది అని విండోస్ అంటుంది. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలు చూపించమని చెప్పి, మసకగా కనిపించే పాత కార్డును తీసేయండి. తర్వాత పాత ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్ కొత్త కార్డుకు ఇవ్వండి. సర్వర్ పేరు, ఐపీ రెండూ పాతవే ఉంచితే కౌంటర్లలో, ప్రింటర్లలో దేన్నీ ముట్టుకోనక్కర్లేదు.

ఆ పాత ఐపీ ఏమిటి? గుణుపురం షాపులో స్విచ్ పెట్టె పక్కన సున్నం గోడ మీద ఎవరో ఎప్పుడో నీలం మార్కర్‌తో రాసిపెట్టారు. చివరి అంకె చెమ్మకు సగం చెరిగిపోయింది, 8 అనుకున్నది 3 అని తర్వాత తేలింది. కాగితం మీద రాసి సర్వర్ క్యాబినెట్ లోపల అతికించండి. రౌటర్‌లో పాత కార్డు మ్యాక్ అడ్రస్ (కార్డుకు పుట్టుకతో వచ్చే నంబర్)తో ఐపీ రిజర్వేషన్ ఉంటే దాన్నీ మార్చాలి.

గడియారం కూడా చూడండి. డొమైన్ (అందరి లాగిన్లనూ సర్వరే చూసుకునే ఏర్పాటు) ఉన్నచోట సర్వర్ టైమ్, కౌంటర్ కంప్యూటర్ టైమ్ మధ్య 5 నిమిషాలు మించి తేడా ఉంటే లాగిన్లు తిరగ్గొడుతుంది.

మాది ఇంకా విండోస్ సర్వర్ 2008 ఆర్2. కొత్త మెషీన్ మీద నడుస్తుందా?

నేరుగా అంటే వద్దు. ఆ కాలం విండోస్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్ఎస్‌డీల డ్రైవరూ లేదు. లేచినా కీబోర్డు, మౌస్ పనిచేయక కూర్చుంటారు. కొత్త బోర్డు కంపెనీలు దానికి డ్రైవర్లు ఇవ్వడం లేదు. 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ కూడా ఆగిపోయింది.

కొత్త మెషీన్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వీ గానీ ప్రాక్స్‌మాక్స్ గానీ వేసి, పాత ఇమేజ్‌ను అందులో వర్చువల్ మెషీన్‌గా రీస్టోర్ చేయండి. హైపర్‌వీలో బయాస్ సర్వర్‌కు జనరేషన్ 1, 2012 లేదా ఆ తర్వాతి విండోస్ ఉన్న యూఈఎఫ్ఐ సర్వర్‌కు జనరేషన్ 2 ఎంచుకోవాలి, ఇది తప్పితే బూట్ కాదు. పాత మెషీన్ ఇంకా ఊపిరితో ఉంటే డిస్క్2వీహెచ్‌డీ అనే ఉచిత టూల్ నడుస్తున్న సర్వర్‌నే వర్చువల్ డిస్కుగా మార్చి ఇస్తుంది. ఒకసారి వర్చువల్‌గా మారితే రేపు ఈ మెషీన్ పోయినా ఇంకోదాని మీద అదే ఫైల్ లేస్తుంది, హార్డ్‌వేర్ గొడవ దాదాపుగా తీరిపోతుంది. కొత్త సర్వర్ కొనే ప్రతి ఒక్కరికీ మొదటి రోజు నుంచే ఇలా పెట్టుకోమని చెప్తున్నాను. ఆ 2008 మెషీన్‌కు ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి.

లినక్స్ సర్వర్ అయితే?

సులువే, మూడు చోట్ల తప్ప. ఒకటి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, అంటే బూట్ మొదట్లో డ్రైవర్లను అందించే ఫైల్. రెడ్‌హ్యాట్ కుటుంబంలో దాన్ని తయారుచేసే డ్రాకట్ అనే టూల్ మామూలుగా ఆ మెషీన్‌కు కావాల్సిన డ్రైవర్లనే అందులో పెడుతుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, చ్‌రూట్ చేసి (డిస్క్ మీది సిస్టమ్ లోపలికి వెళ్లి), ఆ ఫైల్‌ను మళ్లీ తయారు చేయించండి. ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కమాండ్. రెండు, ఎఫ్ఎస్‌ట్యాబ్ (ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఫైల్)లోని యూయూఐడీలు, అంటే డిస్క్ భాగాల గుర్తింపు నంబర్లు, కొత్త డిస్కుతో సరిపోవాలి, బూట్ చేసే గ్రబ్ మళ్లీ వేయాలి. మూడు, నెట్‌వర్క్ కార్డు పేరు కార్డు స్లాట్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఉబుంటులో అయితే నెట్‌వర్క్ సెట్టింగ్‌లు ఉండే నెట్‌ప్లాన్ ఫైల్‌లో పాత పేరు తీసి కొత్తది రాయాలి.

మా సర్వర్ డొమైన్ కంట్రోలర్. ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

ఆఫీసు మొత్తానికి అదొక్కటే కంట్రోలర్ అయితే మొత్తంగా రీస్టోర్ చేయండి. డైరెక్టరీ రీస్టోర్ మోడ్ పాస్‌వర్డ్ అవసరం పడవచ్చు, సర్వర్ పెట్టిన రోజు ఇచ్చినది. రెండో కంట్రోలర్ బతికే ఉంటే పాత ఇమేజ్‌ను ఎక్కించకండి. కొత్త మెషీన్‌లో విండోస్ వేసి కొత్త కంట్రోలర్‌గా చేరిస్తే రెండోది తన దగ్గరున్న సమాచారం మొత్తం ఇస్తుంది. క్లోన్ ఇమేజ్‌తో పాతదాన్ని వెనక్కి తెస్తే రెండిటి లెక్కలూ కలవక, పాస్‌వర్డ్‌లు ఒక చోట ఒకలా ఇంకో చోట ఇంకోలా తయారవుతాయి. 180 రోజులు దాటిన బ్యాకప్ కంట్రోలర్‌కు పనికిరాదు.

లైసెన్సుల సంగతి?

మెషీన్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్స్ ఆ మెషీన్‌తోనే పోతుంది. విడిగా కొన్నది అయితే కొత్త మెషీన్‌కు మార్చుకోవచ్చు. కొత్త సర్వర్ బడ్జెట్‌లో దీన్ని ముందే రాసుకోండి. ట్యాలీ లైసెన్స్ కూడా కంప్యూటర్‌కు కట్టి ఉంటుంది, కొత్తదాంట్లో మళ్లీ యాక్టివేట్ చేయాలి. దానికి సీరియల్ నంబర్, రిజిస్టర్ చేసిన ఈమెయిల్ కావాలి. ఆ ఈమెయిల్ మూడేళ్ల కిందట మానేసిన అకౌంటెంట్‌ది అయి ఉంటే ఇప్పుడే మార్పించుకోండి.

రీస్టోర్ అయ్యాక తెలుగు, ఒడియా ఫైళ్లు పిచ్చి అక్షరాల్లా కనిపిస్తున్నాయి. డేటా పోయిందా?

పోలేదు. మన సరిహద్దు ఊళ్లలో ప్రెస్సుల్లో, స్కూళ్లలో ఇది మామూలే. ఒకే ఆఫీసులో శుభలేఖలు తెలుగులో అను ఫాంట్లతో, సర్కారు కాగితాలు ఒడియాలో ఆకృతి ఫాంట్లతో కొట్టి ఉంటారు. అవి యూనికోడ్‌కు ముందు కాలం పద్ధతి. ఫైల్ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, ఫాంట్ ఉంటేనే అవి తెలుగో ఒడియానో అవుతాయి. ఫైళ్లు మాత్రమే తెచ్చుకుని ఫాంట్లు తెచ్చుకోకపోతే ఇలా అవుతుంది. బ్యాకప్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ నుంచి వాటిని తీసుకోండి, కీబోర్డు సాఫ్ట్‌వేర్ లైసెన్స్ సంగతి కూడా చూసుకోండి.

మొత్తం ఎంతసేపు పడుతుంది?

500 జీబీకి లెక్క వేద్దాం. యూఎస్‌బీ 2.0 సెకనుకు 30 ఎంబీ ఇస్తే నాలుగున్నర గంటలు దాటుతుంది. యూఎస్‌బీ 3.0కు తగిలించిన మంచి హార్డ్‌డిస్క్ 100 ఎంబీ ఇస్తే గంటన్నర లోపే. అందుకే నీలం రంగు పోర్ట్ వెతికి అందులో పెట్టండి. మధ్యలో కరెంటు పోతే బ్యాకప్‌కు ఏమీ కాదు, రీస్టోర్ మాత్రం మొదటి నుంచి చేయాలి. మెషీన్‌తో పాటు బ్యాకప్ డిస్కును కూడా యూపీఎస్ మీదే ఉంచండి.

బ్యాకప్ ఎక్కడ పెట్టాలి?

సర్వర్ పక్కన మాత్రం వద్దు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం, రాయగడ జిల్లాలను ముంచేసింది. వంశధార పొంగింది. పర్లాకిమిడి వైపు ఒక స్కూలు ఆఫీసులో సర్వర్, దాని మీదే పెట్టిన బ్యాకప్ డిస్క్ రెండూ ఒకే నీళ్లలో నానాయి. పిల్లల మార్కుల రికార్డులు ఉపాధ్యాయులు తమ నోటు పుస్తకాల్లోంచి మళ్లీ ఎక్కించారు. రెండు నెలలు పట్టింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒక డిస్క్ ఆఫీసులో, ఇంకోటి వేరే వీధిలో ఎత్తైన చోట యజమాని ఇంట్లో, వారానికోసారి మార్చుకుంటూ ఉంచండి. నెట్ బాగుంటే ముఖ్యమైన డేటా క్లౌడ్‌లో కూడా.

బ్యాకప్‌తో పాటు ఒక పెన్‌డ్రైవ్ ఉండాలి. రికవరీ మీడియా, డిస్క్ కంట్రోలర్ డ్రైవర్లు, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్లు అందులో పెట్టండి. ఒక కాగితం మీద ఐపీలు, పాస్‌వర్డ్‌లు, లైసెన్స్ నంబర్లు, బిట్‌లాకర్ కీ రాసి కవర్‌లో అంటించి యజమాని చేతికి ఇవ్వండి.

సర్వర్ పోకముందే ఇది పనిచేస్తుందో లేదో చూసుకోవచ్చా?

తప్పకుండా చూసుకోవాలి. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఖాళీ ఉన్న ఒక డిస్క్ చాలు. హైపర్‌వీలో ఒక వర్చువల్ మెషీన్ చేసి, నెట్‌వర్క్ కేబుల్ తగిలించకుండా, అందులోకి బ్యాకప్ రీస్టోర్ చేయండి. లాగిన్ అయి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, నిన్నటి చివరి బిల్లు నంబర్ కౌంటర్‌లో ఉన్నదానితో కలుస్తుందో లేదో చూడండి. నేను చూసే చోట్ల దసరాకు ముందు ఒకసారి, మార్చి లెక్కలు ముగిశాక ఒకసారి ఇలా చేస్తాను. పోయిన ఏడాది ఒక చోట ఇలా చూస్తేనే తెలిసింది, నాలుగు నెలలుగా డీ డ్రైవ్ బ్యాకప్‌లోకి రావడమే లేదని.

కొత్తది నడుస్తోంది. పాత మెషీన్‌ను ఏం చేయాలి?

ముందు దాని నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. బాగుచేయించి ఎవరైనా ఉత్సాహంగా ఆన్ చేస్తే ఒకే పేరు, ఒకే ఐపీతో రెండు సర్వర్లు తగువులాడుకుంటాయి, సగం బిల్లులు ఇటు సగం అటు పడతాయి. "ఆన్ చేయకండి" అని తెలుగులో, ఒడియాలో కాగితం అంటించి, తేదీ వేసి పక్కన పెట్టండి. నెల రోజులు లెక్కలన్నీ సరిపోయాక డిస్కులు పూర్తిగా చెరిపి, అప్పుడు పాత సామాను వాళ్లకు ఇవ్వండి.